అరంగుళం గొట్టంలో 170 బార్లు

ఇంట్లో కుక్కరు విజిల్ వేసే వేళకు లోపలి ఆవిరి పీడనం బయటి గాలి కన్నా సుమారు ఒక బార్ ఎక్కువ ఉంటుంది. 500 మెగావాట్ల థర్మల్ యూనిట్‌లో టర్బైన్‌కు వెళ్లే ఆవిరిది దాదాపు 170 బార్. వేడి 540 డిగ్రీల దరిదాపు. రామగుండం ఎన్టీపీసీలో ఇలాంటి యూనిట్లూ ఉన్నాయి. ఆ పీడనాన్ని క్షణక్షణం కొలిచి కంట్రోల్ రూంకు చేరవేసేది మాత్రం రెండు గుప్పిళ్లంత పెట్టె. దాన్నే ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ అంటారు.

లోపల పల్చటి లోహపు పొర (డయాఫ్రం), దాని వెనక సిలికాన్ నూనె, ఆ వెనక సెన్సర్. పొర మీద పడిన ఒత్తిడి నూనె ద్వారా సెన్సర్‌ను తాకుతుంది. అది 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల కరెంటుగా మారి తీగల్లో ప్రయాణిస్తుంది. పీడనం సున్నా అయినా 4 ఎందుకు? తీగ తెగితే కరెంటు పూర్తిగా ఆగిపోతుంది. పీడనం లేకపోవడం వేరు, తీగ తెగడం వేరు. ఆ తేడా ఆపరేటర్‌కు తెలియాలి.

ఈ ఎలక్ట్రానిక్స్ మామూలుగా 85 డిగ్రీలకు మించిన వేడిని ఓర్చుకోలేవు. అందుకే ట్రాన్స్‌మిటర్‌ను ఆవిరి పైపు మీదే బిగించరు. అరంగుళం స్టీలు గొట్టాన్ని (ఇంపల్స్ లైన్) కిందికి దించి, దాని చివర పెడతారు. ఆవిరి ఆ గొట్టంలో చల్లబడి నీరై నిలుస్తుంది. నీరు పీడనాన్ని దాటిస్తుంది కానీ వేడిని అడ్డుకుంటుంది. కొత్తగా బిగించినప్పుడు గొట్టంలో నీళ్లు నింపకుండా వాల్వు తిప్పితే, మండే ఆవిరి నేరుగా పొరను కొడుతుంది.

గ్యాసుకు పద్ధతి తిరగబడుతుంది. తేమ వెనక్కి జారిపోవాలి కాబట్టి పెట్టె పైపు కన్నా పైన ఉండాలి. ద్రవాలకు పైపు పక్క నుంచి గొట్టం తీస్తారు. అడుగు నుంచి తీస్తే మడ్డి, పై నుంచి తీస్తే గాలి బుడగలు చేరతాయి. గొట్టంలో నిలిచిన నీటి బరువును కూడా మరవకూడదు. పది మీటర్ల నీరు దాదాపు ఒక బార్ అదనంగా చూపిస్తుంది. 170 బార్ల లైనులో అది చిన్న మొత్తమే. మూడు బార్ల లైనులో మాత్రం రీడింగు తారుమారవుతుంది.

అసలు ప్రమాదం ఈ పెట్టెను విప్పేటప్పుడు. ముందు కంట్రోల్ రూంకు చెప్పాలి, పర్మిట్ తీసుకోవాలి. చెప్పకుండా తీగ పీకితే యూనిట్ మొత్తం ట్రిప్ అయ్యే అవకాశం ఉంది. తర్వాత పైపు దగ్గరి వాల్వు మూసి, వెంట్ ద్వారా లోపలి పీడనాన్ని వదిలి, అప్పుడు స్పానర్ పట్టాలి. వెంట్‌లోంచి ఏమీ రాలేదు కాబట్టి లైను ఖాళీ అనుకోవడం ఈ పనిలో చాలా చెడ్డ నమ్మకం. గొట్టం మడ్డితో పూడితే ఆ అడ్డు వెనక పీడనం అలాగే బందీగా ఉంటుంది. అనుభవమున్న ఫిట్టర్ నట్టుకు ఎదురుగా కాక పక్కన నిలబడి వదులు చేసేది ఇందుకే. కారుతున్న జాయింటును పీడనం ఉండగా బిగించబోవడమూ అంతే ప్రమాదం.

రీడింగు లేకపోవడం కన్నా తప్పుడు రీడింగు మరీ చెడ్డది. 1996 అక్టోబరు 2న పెరూ రాజధాని లిమా నుంచి బయల్దేరిన ఏరోపెరూ బోయింగ్ 757 సముద్రంలో కూలింది. అందులోని 70 మందీ చనిపోయారు. విమానం కడిగేటప్పుడు గాలి పీడనాన్ని గ్రహించే రంధ్రాలకు అంటించిన టేపును తీయడం మరిచారు. ఆ గాలి పీడనాన్ని బట్టి ఎత్తు, వేగం చూపే మీటర్లు పైలట్లకు అబద్ధాలు చెప్పాయి. ఫ్యాక్టరీల్లో బయటి గాలితో పోల్చి పీడనాన్ని కొలిచే గేజ్ రకం ట్రాన్స్‌మిటర్లకూ బయటి గాలి తగిలే చిన్న రంధ్రం ఉంటుంది. దానిమీద రంగు పూస్తే రీడింగు తప్పడం మొదలవుతుంది.

ఉక్కు కర్మాగారాల్లోని ఆక్సిజన్ లైన్ల సంగతి ఇంకో రకం. పొర చిరిగి సిలికాన్ నూనె ఆక్సిజన్‌తో కలిస్తే మంటలు లేచే ప్రమాదం ఉంది. అక్కడ ఆక్సిజన్‌లో మండని ప్రత్యేక ద్రవం నింపిన పరికరమే పెట్టాలి. గ్రీజు చేత్తో ఫిట్టింగులు ముట్టుకోకూడదు.

ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడ్ చదివే పిల్లలు క్యాలిబ్రేటర్ పట్టడానికి ముందే ఈ వాల్వుల వరసను చేతికి అలవాటు చేసుకోవాలి. పొరను వేలితో గానీ స్క్రూడ్రైవర్‌తో గానీ నొక్కి చూడొద్దు. ఒకసారి సొట్టపడితే అది మళ్లీ సరికాదు.