ప్రాచీన ధర్మశాస్త్రములో మానవ ప్రాణము విలువ

ఒక సమాజము దేనిని అన్నిటికంటె విలువైనదిగా భావించినదో తెలిసికొనవలెనన్న, అది ఏ నేరమునకు ఏ శిక్ష విధించినదో చూచిన చాలును. ఈ దృష్టితో బైబిలులోని మోషే ధర్మశాస్త్రమును, ఇతర ప్రాచీన శాసనములను ప్రక్కప్రక్కన ఉంచి చదివినచో గొప్ప భేదములు గోచరించును.

బాబిలోను రాజైన హమ్మురాబి శాసనము సుమారు క్రీ.పూ. 1750 నాటిది. దానిని చెక్కిన నల్లని శిలాస్తంభము 1901-02లో ఇరాన్‌లోని సూసాలో లభించినది. దాని ప్రకారము దారిదోపిడి చేసినవానికిని, ఇంటికి కన్నము వేసినవానికిని మరణమే శిక్ష. మోషే ధర్మశాస్త్రములో సాధారణమైన దొంగతనమునకు మరణశిక్ష లేదు. దొంగిలించిన గొఱ్ఱెను కోసినను అమ్మినను నాలుగు గొఱ్ఱెలు, ఎద్దుకు ఐదు ఎద్దులు ఇచ్చుకొనవలెను. రాత్రివేళ కన్నము వేయుచున్న దొంగ దెబ్బతిని చచ్చిన దోషము లేదు; సూర్యోదయమైన పిదప వానిని చంపినచో రక్తాపరాధము కలుగును. దొంగ ప్రాణము సైతము ప్రాణమే!

హత్య విషయమున ఇది తారుమారగును. హిట్టయిటుల చట్టము ప్రకారము కలహములో ఒకని చంపినవాడు నలుగురు మనుష్యులను పరిహారముగా ఇయ్యవలెను. మోషే ధర్మశాస్త్రము మాత్రము హంతకుని ప్రాణమునకు బదులుగా ఎట్టి విమోచన ధనమును స్వీకరింపరాదని నిషేధించినది. మానవుడు దేవుని స్వరూపమందు సృజింపబడినవాడు గనుక అతని ప్రాణమునకు వెల కట్టరాదని దీని భావము. ఈ సూత్రమును మోషే గ్రీన్‌బర్గ్ అను పండితుడు 1960లో ప్రకటించిన వ్యాసములో విశదీకరించెను.

ఇల్లు కూలి యజమాని కుమారుడు మరణించినచో, కట్టినవాని కుమారుని చంపవలెనని హమ్మురాబి విధించెను. కుమారుల దోషమునకు తండ్రులను, తండ్రుల దోషమునకు కుమారులను చంపరాదని ద్వితీయోపదేశకాండము శాసించినది.

శిక్షకంటె ముందు జాగ్రత్త ముఖ్యము. క్రొత్త ఇల్లు కట్టినవాడు ఎవరును పడిపోకుండునట్లు మిద్దెకు పిట్టగోడ కట్టించవలెను. పొరపాటున ప్రాణము తీసినవాడు పారిపోయి తలదాచుకొనుటకు ఆరు ఆశ్రయపురములు ఏర్పరచబడెను. ఒకే సాక్షి మాటపై ఎవరికిని మరణము విధింపరాదు. పొలములో శవము దొరకి, చంపినవాడెవడో తెలియనిచో, పెద్దలు దూరము కొలిపించి, సమీప గ్రామము వారిచే ప్రాయశ్చిత్తము చేయించవలెను. ఊరూపేరూ తెలియనివాని చావుకును ఒక ఊరు జవాబు చెప్పుకొనవలసినదే.

అయినను ఈ ధర్మశాస్త్రము దోషరహితమని చెప్పుట సత్యము కాదు. యజమాని కొట్టిన దాసుడు ఒకటి రెండు దినములు బ్రతికి మరణించినచో యజమానికి శిక్ష లేదు; దాసుడు అతని సొమ్మని అందులకు కారణము చెప్పబడినది. ఎద్దు పొడిచి దాసుడు మరణించిన ముప్పది తులముల వెండి చెల్లించిన చాలును. వెల కట్టరాదన్న సూత్రము దాసుని గడప దగ్గర ఆగిపోయినది. పెక్కు మతాపరాధములకు మరణశిక్షయు కలదు.

ఒక ప్రాణమును కాపాడుట లోకమంతటిని కాపాడుటతో సమానమను భావము తరువాతి కాలమున యూదుల మిష్నాలోను, పవిత్ర ఖురాన్ ఐదవ సూరాలోను కనబడును. విద్యార్థి మిత్రులారా! ప్రాణనష్టమునకు ధనము ముట్టజెప్పి విషయము ముగిసినదనుకొను వేళ, ఆ ప్రాచీన నిషేధమును జ్ఞప్తికి తెచ్చుకొందము. పిట్టగోడ లేని మిద్దె కనబడినపుడు, ఎవరో పడిపోకముందే అడుగుదము.