కారు హారను బిగింపు బోల్టులు

కారులో హారనును వాహనపు చట్రానికి పట్టి ఉంచే బోల్టు, నట్టు, వాషరు, పట్టీలను కలిపి హారను బిగింపు సామగ్రి అనవచ్చును. హారను మార్చేవారు దాని ధ్వనిని, ధరను విచారిస్తారు గాని, బోల్టు సంగతి అరుదుగా పట్టించుకుంటారు. అయితే విశాఖపట్నం వంటి రేవు పట్టణంలో హారను బాగానే ఉన్నా, బోల్టు తుప్పు పట్టడం వల్ల అది మూగబోవచ్చును. ప్రతి మోటారు వాహనానికీ తగినంత హెచ్చరిక ధ్వని ఇచ్చే హారను ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 119వ నియమం చెబుతున్నది. గాజువాక రహదారిపై కంటెయినరు లారీల పక్కన ప్రయాణించే కారుకు ఈ నియమపు అవసరం వేరుగా చెప్పనక్కరలేదు.

బోల్టు చేసే పనులు

హారను బరువు కొన్ని వందల గ్రాములే కనుక దానిని మోయడం బోల్టుకు పెద్ద పని కాదు. మోగినప్పుడు హారనులోని పొర సెకనుకు సుమారు 400 సార్లు కంపిస్తుంది. ఆ అదురుకు నట్టు వదులు కాకుండా నిలవాలి. మూడవ పని విద్యుత్తుకు సంబంధించినది. ఒకే తీగ గల హారనులలో విద్యుత్తు తిరిగి వెళ్ళే దారి పట్టీ, బోల్టు, కారు శరీరమే. 12 వోల్టులపై 5 ఆంపియర్లు తీసుకునే హారను దారిలో తుప్పు వల్ల అర ఓము నిరోధం చేరితే, సుమారు 2 వోల్టులు అక్కడే ఖర్చైపోతాయి. హారను గొంతు బొంగురుపోతుంది. యజమాని హారను పాడైనదనుకొని కొత్తది కొంటాడు. పాత బోల్టుతోనే బిగిస్తే కొత్తదీ అలాగే మోగుతుంది. రెండు తీగల హారనులకు ఈ బెడద లేదు.

విశాఖ వాతావరణం

1933లో ప్రారంభమైన ఓడరేవు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, వాటి చుట్టూ వెలసిన పరిశ్రమలు ఈ నగరపు గాలిలో ఉప్పుతో పాటు పారిశ్రామిక ధూళిని కూడా కలిపాయి. ఉప్పు పొర గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక వాన లేని రోజున కూడా లోహం తడిగానే ఉంటుంది. హారను సాధారణంగా కారు ముందుభాగపు జాలీ వెనుక ఉండి ఈ గాలిని నేరుగా ఎదుర్కొంటుంది. మామూలు బోల్టుపై ఉండే జింకు పూత మందం కొన్ని మైక్రానులు మాత్రమే. బోల్టులను ఎక్కువగా ఉక్కు తీగచుట్టల నుండి తయారుచేస్తారు. ఆ తీగచుట్టలు ఇదే నగరంలోని ఉక్కు కర్మాగారంలోనూ తయారవుతాయి.

కొలత

హారనులకు ఎక్కువగా 8 మిల్లీమీటర్ల బోల్టు, కొన్నిటికి 6 మిల్లీమీటర్ల బోల్టు వాడతారు. మెకానిక్కులు "10 నంబరు బోల్టు" అన్నప్పుడు అది స్పానరు కొలత. ఆ బోల్టు కాడ వ్యాసం సాధారణంగా 6 మిల్లీమీటర్లే. దుకాణంలో పొరబాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది, కనుక పాత బోల్టును వెంట తీసుకొనిపోవడం మేలు.

వ్యాసం సరిపోతే చాలదు, మరల మధ్య దూరం కూడా కలవాలి. 8 మిల్లీమీటర్ల సాధారణ బోల్టులో ఇది 1.25 మిల్లీమీటర్లు. అంగుళాల కొలతలపై రూపొందిన పాత అంబాసిడర్ వంటి కార్లలో 5/16 అంగుళం బోల్టు ఉండవచ్చును. దాని వ్యాసం 7.94 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల నట్టు దానికి ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది. బలవంతంగా తిప్పితే మరలు చెడిపోతాయి.

లోహం

బోల్టు తలపై 8.8 అని ఉంటే, దాని తన్యబలం 800 మెగాపాస్కల్‌లు అనీ, అందులో 0.8 వంతు వద్ద అది శాశ్వతంగా సాగడం మొదలవుతుందనీ అర్థం. హారనుకు ఇంత బలం కూడా ఎక్కువే. సముద్రతీరంలో బలం కంటే తుప్పు నిరోధమే ముఖ్యం కనుక స్టెయిన్‌లెస్ ఉక్కు అనుకూలం. 304 రకానికి ఎ2 అనీ, మాలిబ్డినం కలిసిన 316 రకానికి ఎ4 అనీ గుర్తులు ఉంటాయి. ఉప్పుగాలికి రెండవదే మెరుగు.

రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో తాకి ఉంటే వాటిలో ఒకటి త్వరగా క్షయిస్తుంది. పెద్ద ఉక్కు పట్టీకి చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు ఉంటే నష్టం నెమ్మదిగా జరుగుతుంది. స్టెయిన్‌లెస్ పట్టీకి మామూలు బోల్టు వేస్తే ఆ బోల్టే త్వరగా తినివేయబడుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టు వేసేటప్పుడు మరలకు కొద్దిగా గ్రీజు పూయకపోతే రెండూ అతుక్కుపోయే ప్రమాదం ఉన్నది.

బిగించే విధానం

మొదట బ్యాటరీ ఋణ తీగను విడదీయాలి. హారనుతో వచ్చిన పలుచని ఉక్కురేకుల పట్టీనే వాడాలి. దాని బదులు మందమైన పట్టీ వేస్తే అదురు కారు శరీరానికి పాకి ధ్వని చెడుతుంది. హారను ముఖం మధ్యనున్న నట్టు, వెనుకనున్న సర్దుబాటు మర బిగింపుకు చెందినవి కావు. వాటిని కదిలించరాదు. రంధ్రం పాడైనదని పొడవైన రేకు స్క్రూ దిగగొట్టడం కూడా తగదు, వెనుకనే రేడియేటరు ఉండవచ్చును.

ఒకే తీగ హారనుకు పట్టీ తాకే చోట రంగును గీకి, రంగును చీల్చి లోహాన్ని పట్టుకొనే పళ్ళ వాషరు వేయాలి. నైలాను వలయం గల నట్టు అదురుకు వదులు కాదు, కాని ఒకసారి విప్పినదానిని మరల వాడరాదు. బిగించిన తరువాత బయటి భాగాలకు పెట్రోలియం జెల్లీ పూస్తే గీకిన చోట తేమ చేరదు. బ్యాటరీ తీగను తిరిగి కలిపి, హారను మోగుతుండగా దాని పట్టీకి, బ్యాటరీ ఋణ ధ్రువానికి మధ్య మల్టీమీటరుతో కొలవాలి. అర వోల్టు కంటే ఎక్కువ చూపితే బోల్టు విప్పి, తాకే చోట్లు మరొకసారి శుభ్రపరచాలి.