ట్యూటర్ కాదు, మీ పిల్లలు మాట్లాడాలి



"గ్రామర్‌లో మంచి మార్కులే వస్తున్నాయి మేడం, కానీ ఎవరైనా ఇంగ్లిష్‌లో పలకరిస్తే ఎస్, నో తప్ప నోరు విప్పడు." పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మేం తరచుగా వినే మాట ఇది. అందుకే నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్‌లలో చాలామంది పిల్లలు సాయంత్రం స్పోకెన్ ఇంగ్లిష్ ట్యూషన్‌కో, ఆన్‌లైన్ క్లాసుకో కూర్చుంటున్నారు. ఆ ఫీజు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: అరగంట క్లాసులో మా పిల్లలు ఎన్ని నిమిషాలు మాట్లాడతారు?

వింటే సరిపోదా?

కెనడాలో మాంట్రియల్ దగ్గర 1965లో, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలకు స్కూల్లో పాఠాలు ఫ్రెంచ్‌లో చెప్పడం మొదలుపెట్టారు. తర్వాత ఇలాంటి క్లాసులు ఆ దేశమంతా వచ్చాయి. ఆ పిల్లలను గమనించిన మెరిల్ స్వేన్ అనే పరిశోధకురాలు 1985లో ఒక సంగతి రాశారు. ఏళ్ల తరబడి వినడం వల్ల పిల్లలకు ఫ్రెంచ్ చక్కగా అర్థమవుతోంది, మాట్లాడేటప్పుడు మాత్రం తప్పులు పోవడం లేదు. క్లాసులో వాళ్లకు మాట్లాడే అవకాశం తక్కువగా ఉండడం ఒక కారణమని ఆమె అన్నారు.

మన పిల్లలదీ ఇంచుమించు ఇదే పరిస్థితి. నలభై మంది క్లాసులో నలభై నిమిషాల పీరియడ్ అంటే, టీచర్ అసలు మాట్లాడకపోయినా ఒక్కొక్కరికి వచ్చేది ఒక్క నిమిషమే. పైగా తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, ఇంగ్లిష్‌లో ముందే రావాలి. 'ఎ', 'ద' లాంటి మాటలు మనకు లేవు. వినేటప్పుడు ఇవి పట్టించుకోకపోయినా అర్థమైపోతుంది. మాట్లాడాలంటే వాక్యం తామే కట్టుకోవాలి. ట్యూటర్ అవసరం అక్కడే.

డెమో క్లాసులో ఏం చూడాలి?

1. ఎవరి మాట ఎక్కువ? ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, పిల్లలు మాట్లాడిన సమయం మాత్రమే లెక్కించండి. కనీసం సగమైనా ఉండాలి.

2. ఎలాంటి ప్రశ్నలు? 'వాట్ ఈజ్ యువర్ హాబీ?' అంటే ఒక్క మాటతో అయిపోతుంది. 'ఏడు పెంకులాట ఎలా ఆడతారో నాకు తెలియదు, చెప్పు' అని ఇంగ్లిష్‌లో అడిగితే పిల్లలు వివరించక తప్పదు.

3. జవాబు కోసం ఆగుతున్నారా? అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసులను గమనిస్తే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి.

4. తప్పు ఎలా దిద్దుతున్నారు? 'ఎస్టర్‌డే ఐ గో టు పార్క్' అన్నప్పుడు ట్యూటర్ సరైన వాక్యం తనే చెప్పి ముందుకు పోతే, పిల్లలు చాలాసార్లు అది గమనించరు. 'ఎస్టర్‌డే యూ...?' అని ఆగితే 'వెంట్' అనే మాట వాళ్ల నోటి నుంచే వస్తుంది. అలాగని ప్రతి మాటకీ ఆపితే అసలు మాట్లాడడమే మానేస్తారు. ఒక క్లాసులో ఒకటి రెండు తప్పుల మీద దృష్టి పెడితే చాలు.

ఇంట్లో మీరు

ఇంట్లో తెలుగు ఆపకండి. అమ్మమ్మకో తాతయ్యకో ఒక సంగతి మొదటి నుంచి చివరి వరకు చెప్పగలిగిన పిల్లలకు, ఇంగ్లిష్‌లో చెప్పడానికీ ఏదో ఒకటి ఉంటుంది. రోజూ పది నిమిషాలు స్కూల్ బస్సులో జరిగింది ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పించండి. మర్నాడు అదే సంగతి మళ్లీ చెప్పమనండి, తడబాటు తగ్గుతుంది. మీకు ఇంగ్లిష్ అంతగా రాకపోయినా ఫర్వాలేదు, శ్రద్ధగా వింటే చాలు. చుట్టాల ముందు మాత్రం 'ఏదీ, ఇంగ్లిష్‌లో మాట్లాడు' అని నిలబెట్టకండి. పిల్లలకు భయం పట్టుకునేది అక్కడే.

ఈ రోజు ఒక్క నిమిషం మీ పిల్లల ఇంగ్లిష్ రికార్డు చేయండి. రెండు నెలల తర్వాత అదే విషయం మీద మళ్లీ రికార్డు చేయండి. రెండూ ఫోన్‌లో ఉంచి వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్‌కి రండి, కలిసి విందాం.