ఏ రంగు, ఎక్కడ, ఎన్నాళ్లలో

క్యాన్సర్ ముదిరిన మనిషిని పలకరించడానికి వచ్చినవాళ్లు మంచం దగ్గర ఏమీ అనరు. వాకిట్లోకి వచ్చాక మాత్రం 'రంగు తిరిగింది, ఇక లాభం లేదు' అని తేల్చేస్తారు. హుజూర్‌నగర్ చుట్టుపక్కలే కాదు, మన ఊళ్లలో ఎక్కడైనా ఇదే తీర్పు. రంగు తిరగడానికి కారణాలు చాలా ఉన్నాయి, అందులో కొన్నింటికి వైద్యమూ ఉంది. ఆ తీర్పు తొందరపాటు అనడం అందుకే.

పచ్చదనమే తీసుకోండి. క్లోమంలోనో పిత్తనాళంలోనో పెరిగిన గడ్డ దారిని నొక్కేస్తే పైత్యరసం పేగులోకి దిగక రక్తంలో కలుస్తుంది. పైత్యంలోని పసుపు పదార్థం బిలిరుబిన్ రక్తంలో డెసిలీటరుకు సుమారు 3 మిల్లీగ్రాములకు చేరేసరికి కంటి తెల్లగుడ్డు పచ్చబడుతుంది. మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది, మలం సున్నం కలిపినట్టు తెల్లగా వస్తుంది, ఒళ్లంతా దురద. రాత్రిళ్లు గోకి గోకి చర్మం చిట్లుతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు పసరు మందంటారు, చేతిమీద కాల్పిస్తే పోతుందంటారు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి, ఆ పేరు పసరు కొట్టేసింది. గడ్డ అడ్డుపడ్డ కామెర్లు అలా తగ్గవు. ఎండోస్కోపీతో నాళంలో స్టెంట్ వేస్తే పైత్యం దిగుతుంది, దురద తగ్గుతుంది, ఆగిన కీమో మళ్లీ మొదలుపెట్టే వీలూ కలగవచ్చు. 'ముదిరిన జబ్బుకి స్టెంట్ దేనికి, డబ్బు దండగ' అనేవారి మాటలో కొంత నిజం ఉంది. కాలేయమంతా గడ్డలు నిండి వచ్చిన పచ్చదనానికి స్టెంట్ పనిచేయదు, పనిచేసిన చోటా క్యాన్సర్ నయం కాదు. అయితే వచ్చిన పచ్చదనం ఏ రకమో చెప్పాల్సింది రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్. వాటికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లోనే చేస్తారు. పచ్చదనానికి చలిజ్వరం తోడైతే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు.

నలుపు సంగతి వేరు. కేపసిటబిన్ లాంటి కీమో మందులతో అరచేతులు, అరికాళ్లు, గోళ్లు నల్లబడతాయి. మందు ఆపాక అది మెల్లగా తగ్గుతుంది. నలుపుకి భయపడి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి రాసిచ్చిన మాత్రలు సొంతంగా మానేయడమే అసలు నష్టం. అరచేతులు మండి, తోలు ఊడుతుంటే డాక్టరే మోతాదు తగ్గిస్తారు. ఇక పాలిపోవడం మన ఛాయలో మొహం మీద అంతగా కనబడదు, కింది రెప్ప లాగి లోపల చూడాలి. రక్తహీనతైతే రక్తం ఎక్కించడంతో ఆయాసం తగ్గవచ్చు.

మోకాళ్లు, పాదాలు చల్లబడి, ఊదారంగు మచ్చలు వల అల్లినట్టు తేలడం మాత్రం చాలాసార్లు చివరి గంటల, రోజుల గుర్తు. రక్తప్రసరణ మందగించడం వల్ల అలా అవుతుంది. మనిషి మగతగా ఉండి, మూత్రమూ తగ్గితే అనుమానం బలపడుతుంది. అప్పుడు అంబులెన్సులో ఊళ్లు తిప్పడం కన్నా పెదాలు తడపడం, పల్చటి దుప్పటి కప్పడం, నొప్పికి ఇస్తున్న మార్ఫిన్‌ను డాక్టర్ చెప్పిన లెక్కలో కొనసాగించడం మేలు.