ఫుల్ ఫ్రేమ్ కొనాలా, వద్దా?

మా పెద్దమ్మ పోయినప్పుడు పటం కట్టించడానికి ఒక మంచి ఫొటో కావలసి వచ్చింది. మా చుట్టాల పెళ్ళిళ్ళకీ, మన సంఘం ఉగాది సభలకీ కెమెరా భుజాన వేసుకుని తిరిగేవాణ్ణి నేనే కనుక అందరూ నా వంక చూశారు. ఆ రాత్రి కంప్యూటరంతా గాలించాను. పెద్దమ్మ ఉన్న బొమ్మలు వందకు పైగానే దొరికాయి. పనికివచ్చేది ఒక్కటీ లేదు. గుంపులో వెనక వరస, సగం మొహం, లేదా చెదిరిపోయి అలికేసినట్టున్న బొమ్మ. చివరికి ఆధార్ కార్డు మీది ఫొటోనే పెద్దది చేయించి దండ వేశాం.

వాటిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఠాకురాణి యాత్రనాటి బొమ్మ. ఇతర ప్రాంతాల పాఠకుల కోసం రెండు మాటలు చెబుతాను. మా బరంపురం, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా, గంజాం జిల్లాతోపాటు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పట్టు నేసే తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే ఉన్నాయి. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి అమ్మవారు, చేనేత పెద్ద అయిన దేశిబెహరా వీధికి, ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. రాత్రిపూట ఘటాలు ఊరేగుతాయి. ఆనాడు ఘటం గుమ్మం ముందుకు రాగానే పెద్దమ్మ పసుపునీళ్ళ చెంబుతో ఎదురువెళ్ళింది. ఆ మొహంలోని వెలుగు నా కంటికి కనిపించింది గాని కెమెరాకు చిక్కలేదు.

తప్పు కెమెరాదే అనుకున్నాను. నా దగ్గరున్నది నికాన్ డి7200. అది 2015లో వచ్చిన మోడలు. దాని వెంట వచ్చిన 18–140 జూమ్ లెన్సుతోనే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను. ఇక ఫుల్ ఫ్రేమ్ కొనాల్సిందే అని తీర్మానించుకున్నాను.

ఫుల్ ఫ్రేమ్ అంటే మరేం లేదు. 1925లో లైకా కెమెరాతో ప్రసిద్ధికెక్కిన 35 మి.మీ. రీలులో ఒక్కొక్క బొమ్మ కొలత 36 × 24 మిల్లీమీటర్లు. డిజిటల్ కెమెరాలో రీలు బదులు సెన్సారు ఉంటుంది. అదీ అంతే కొలతలో ఉంటే ఫుల్ ఫ్రేమ్ అంటారు. అంత పెద్ద సెన్సారు తయారీ ఖర్చుతో కూడిన పని కనుక మనలాంటివాళ్ళు కొనే కెమెరాల్లో చిన్నది పెట్టారు. నా దానిలో అది 23.5 × 15.6 మిల్లీమీటర్లు. వైశాల్యం లెక్క కడితే పెద్దది దీనికి రెండుంపావు రెట్ల పైచిలుకు. కేనన్ వాళ్ళు 2002లో, నికాన్ వాళ్ళు 2007లో తమ మొదటి ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ కెమెరాలు తెచ్చారు. ఇప్పుడు అద్దం లేని మిర్రర్‌లెస్ రకాలదే రాజ్యం.

కెమెరా, దానికి తగిన లెన్సు కలిపి రెండు లక్షల దరిదాపుల్లో తేలింది. మేడమీది గదికి రేకులు మార్పించాలని దాచిన సొమ్ము ఉంది. విషయం మా ఆవిడ చెవిన వేశాను.

“కొనుక్కోండి, నేను కాదనను. కాని ఆరోజు బొమ్మ ఎందుకు చెడిందో ముందు తేల్చండి. పోగు తెగినప్పుడల్లా మగ్గం మార్చేస్తామా?” అంది. నేతపనివారి ఇంట పుట్టిన మనిషి!

పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే మా మేనల్లుణ్ణి పిలిచాను. ప్రతి బొమ్మతోపాటు కెమెరా కొన్ని వివరాలు కూడా దాచి ఉంచుతుంది. వాడు అవి తెరిచి చూసి, “మామయ్యా, ఇక్కడ షట్టరు సెకనులో ఇరవయ్యో వంతు తెరిచి ఉంది. జూమ్ చివరిదాకా లాగావు, ఎపర్చరు ఎఫ్/5.6. నడిచే మనిషి కదలకుండా పడాలంటే నూట ఇరవై అయిదో వంతైనా ఉండాలి” అన్నాడు.

చేతి వణుకును లెన్సులోని ఏర్పాటు కొంత ఆపుతుంది గాని ఎదుటి మనిషి నడకను ఆపలేదు. ఫుల్ ఫ్రేమ్ ఉంటే ఆ రెండుంపావు రెట్ల లాభంతో, నలుసులు పెరగకుండా, ఇరవయ్యో వంతు యాభయ్యో వంతు దాకా వెళ్ళేది. బొమ్మ అప్పుడూ చెదిరేదే!

“మరి దారి?” అన్నాను.

“రీలు కెమెరాకు నీ దగ్గర 50 మి.మీ. లెన్సు ఉండేది కదా, అదేదీ?”

ట్రంకుపెట్టె అడుగున దొరికింది. 1990లలో కొన్న ఎఫ్/1.8 లెన్సు. గోపాలపురం సముద్రపు గాలి సోకే ఊరు కనుక లోపల కాస్త బూజు పట్టింది. శుభ్రం చేయించాం. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8 దాదాపు పది రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది. అంటే ఇరవయ్యో వంతు కాస్తా రెండువందలో వంతుకు దగ్గరవుతుంది. నా కెమెరాలో ఫోకసు మోటారు ఉంది కనుక ఆ పాత లెన్సు ఇప్పటికీ దానంతటదే ఫోకసు చేసుకుంటుంది. అదే లెన్సును నికాన్ కొత్త జెడ్ రకం కెమెరాలకు ఎఫ్‌టీజెడ్ అడాప్టరుతో తగిలిస్తే చేత్తో తిప్పుకోవలసిందే.

అంతటితో ఆగలేదు. మేనల్లుడి డి750 ఫుల్ ఫ్రేమ్ కెమెరా తెప్పించాను. రెండింటిలోనూ 24 మెగాపిక్సెళ్ళే. ఓ సాయంత్రం సంఘం హాల్లో ట్యూబులైట్ల కింద అదే 50 లెన్సుతో, అవే అమరికలతో, రెండింటా బొమ్మలు తీసి 12 × 18 అంగుళాల సైజులో అచ్చు వేయించాం. నిజం చెప్పాలి: ఫుల్ ఫ్రేమ్ బొమ్మలో చీకటి మూలలు శుభ్రంగా ఉన్నాయి, నలుసులు తక్కువ. కాని మొహం రెండింటా ఒకేలా ఉంది. మన పత్రిక పేజీ సైజుకు తగ్గించి చూపిస్తే మా ఆవిడ ఏది ఏదో పోల్చలేకపోయింది.

కనుక ఫుల్ ఫ్రేమ్ దండగ అనను. ఇరుకు హాల్లో పెద్ద గ్రూపు ఫొటోలు తీసేవారికి, రాత్రి పెళ్ళిళ్ళే జీవనమైనవారికి, పెద్ద పెద్ద అచ్చులు వేసేవారికి అది అక్కరే. కొనేముందు ఒక్కరోజు ఎవరినైనా అడిగి తెచ్చుకోండి, లేదా అద్దెకు తీసుకోండి. మీ పాత లెన్సులు దానికి పనికివస్తాయో లేదో చూసుకోండి. నా జూమ్‌ని డి750కి తగిలిస్తే సెన్సారు నడిమి భాగమే వాడుకుంటుంది, 24 మెగాపిక్సెళ్ళలో మిగిలేవి పదే. అంటే లెన్సులూ కొత్తవే కొనాలి.

ఈ గొడవలో నాకు తెలిసివచ్చిన సంగతి ఇంకొకటుంది. 50 లెన్సుకు జూమ్ లేదు. మొహం నిండుగా రావాలంటే మనమే దగ్గరికి నడవాలి. ఇన్నేళ్ళూ నేను హాలు చివర నిలబడి జూమ్ లాగుతూ వచ్చాను. దగ్గరికి వెళ్ళి, “పెద్దమ్మా, ఒక్కసారి ఇటు చూడు” అని ఒక్కనాడూ అడగలేదు.

ఇప్పుడు ఆదివారాలు సంఘంలోని పెద్దల ఇళ్ళకు వెళుతున్నాను. వీధి గుమ్మం పక్కన పీట వేసి కూర్చోబెడతాను, పగటి వెలుగు మొహాన పడుతుంది. బొమ్మ తీసి ఒక ప్రతి వాళ్ళకే ఇస్తాను. మొదటి బొమ్మ మా పిన్నిది, పెద్దమ్మ చెల్లెలు. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. “మా అక్కలా ఉన్నానురా” అంది.

రేకులు మార్పించాం. ఈ వానాకాలం గది కారలేదు.