బడిగంట కన్నా ముందు జీవగడియారం

తెలుగు రాష్ట్రాల్లో జూన్ 12 అంటే మామూలుగా బడులు తెరిచే రోజు. వారం ముందు నుంచే ఇళ్లలో హడావిడి. యూనిఫాం కుట్టించాలి, బూట్లు కొనాలి, పుస్తకాలకు అట్టలేసి లేబుళ్లు అంటించాలి. అన్నీ ముందురాత్రికే పూర్తయినా, తెల్లారేసరికి పిల్ల మంచం దిగదు. వీధి మలుపులో వ్యాను హారన్ మోగుతుంటే ఇడ్లీ సగం ప్లేటులోనే ఉంటుంది, రెండో మేజోడు కనబడదు. దీన్ని బద్ధకం అనేస్తాం గానీ, బడికి కావలసినవన్నీ సిద్ధం చేసిన మనం పిల్ల నిద్రను సిద్ధం చేయడం మరిచిపోయాం.

రెండు కళ్ల నుంచి మెదడుకు వెళ్లే నరాలు కలిసే చోటికి కాస్త పైన, సుమారు 20 వేల నాడీకణాల గుంపు ఉంది. దాని పేరు సుప్రాకయాస్మాటిక్ కేంద్రకం. నిద్ర, మెలకువ, ఒంటి వేడి ఏ వేళకు ఎలా ఉండాలో నడిపించే జీవగడియారం ఇదే. కణాల్లో కొన్ని జన్యువులు ప్రోటీన్లను తయారు చేయిస్తాయి. అవి పోగుపడ్డాక ఆ జన్యువులనే ఆపేస్తాయి. ప్రోటీన్లు నశించాక పని మళ్లీ మొదలవుతుంది. ఈ చక్రం సుమారు రోజుకొకసారి తిరుగుతుంది. ఈ గుట్టు విప్పినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ దక్కింది.

మనుషుల్లో ఈ చక్రం సగటున 24 గంటల కన్నా పది నిమిషాలు ఎక్కువే. పగటి వెలుగు రోజూ సరిచేయకపోతే కొద్దికొద్దిగా వెనకబడుతుంది. ఆలస్యంగా పడుకోవడం ఎవరూ నేర్పకుండానే వచ్చేదీ, పెందలాడే పడుకోవడం ఓ పట్టాన అలవాటు కానిదీ ఇందుకే. ఐపీఎల్ చివరి ఓవరు, చేతిలో ఫోను, ఎండకు తలుపులు వేసుకుని తీసే మధ్యాహ్నపు కునుకు, అన్నీ తోడై సెలవుల్లో నిద్ర అర్ధరాత్రికి, మెలకువ తొమ్మిదింటికి జరిగిపోతాయి.

ఇలాంటి పిల్లను బడి తెరిచిన రోజు ఆరింటికి లేపితే? అలవాటుగా లేచే వేళకు ఇంచుమించు రెండు గంటల ముందు శరీర ఉష్ణోగ్రత అతి తక్కువకు దిగుతుంది. తొమ్మిదింటికి లేచే పిల్లకు అది ఏడు గంటలు. ఆరింటికి ఆమె ఒంటికి ఇంకా గాఢమైన రాత్రే. ఆ కనిష్ఠ స్థితి దాటాక కంటపడే వెలుగు జీవగడియారాన్ని ముందుకు జరుపుతుంది. అంతకుముందే పడితే వెనక్కి నెడుతుంది. ఒక్కసారిగా మూడు గంటలు లాగబోతే కథ అడ్డం తిరగవచ్చు.

కాబట్టి రోజుకు పావుగంట చొప్పున జరపడం మేలు. మే 31న 8.45కు లేపితే జూన్ 11కు సరిగ్గా ఆరింటికి చేరతాం. మొదలుపెట్టాల్సింది లేపే వేళతోనే. నిద్ర రాని పిల్లను పడుకోమని ఎంత గదమాయించినా లాభం లేదు. పొద్దున లేపడం మాత్రం మన చేతిలో పని. లేవగానే డాబా మీదికో, వాకిట్లోకో పంపండి. ఇంట్లో ట్యూబ్‌లైటు వెలుగు సాధారణంగా కొన్ని వందల లక్సులే. ఆరుబయట మబ్బు పట్టిన పగలైనా అది వేలల్లో ఉంటుంది. రెటీనాలో మెలనాప్సిన్ అనే వర్ణకం ఉన్న కణాలు ఆ వెలుగును కొలిచి జీవగడియారానికి కబురందిస్తాయి. నీలి కాంతికి ఇవి మరీ చురుగ్గా స్పందిస్తాయి. రాత్రి ఫోను వెలుగు నిద్రకు దారితీసే మెలటోనిన్‌ను అణచడానికి కారణం ఇదే. పిల్లల కంటి కటకం పెద్దల కన్నా స్వచ్ఛంగా ఉంటుంది కనుక ఆ కాంతి మరింతగా లోపలికి చేరుతుంది.

తొమ్మిది, పదో తరగతి పిల్లల సంగతి వేరు. కౌమారంలో మెలటోనిన్ విడుదలే ఆలస్యమవుతుంది. పదకొండు దాటినా నిద్ర రావడం లేదంటే అది సాకు కాకపోవచ్చు. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. 6 నుంచి 12 ఏళ్ల వారికి 9 నుంచి 12 గంటలు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం పెద్ద తరగతుల బడులు ఉదయం 8.30 కన్నా ముందు మొదలు కాకూడదని 2014లోనే సూచించింది. మన దగ్గర ట్యూషన్లు అయిదింటికే మొదలవుతాయి.

ఇక సామాన్ల సంగతి. మనసు ఒకేసారి పట్టి ఉంచుకోగలిగేవి సుమారు నాలుగు విషయాలేనని మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ 2001లో లెక్కగట్టారు. నిద్రమత్తులో అదీ తగ్గుతుంది. డైరీ, బెల్టు, గుర్తింపు కార్డు, నీళ్ల సీసా, సంతకం చేయాల్సిన కాగితం: అప్పుడే అయిదయ్యాయి. ఈ జాబితా రాసి తలుపుకు అంటించి, రాత్రి భోజనాలయ్యాక పిల్ల చేతే సర్దించాలి. టైంటేబుల్ చూసి సర్దితే బరువూ తగ్గుతుంది. 2020 నాటి జాతీయ విధానం ప్రకారం సంచి బరువు పిల్ల బరువులో పదో వంతు మించకూడదు. 30 కిలోల పిల్లకు 3 కిలోలు.

ఇంత చేసినా ఆదివారం పది దాకా పడుకోనిస్తే జీవగడియారం మళ్లీ వెనకబడుతుంది. సెలవు రోజైనా మామూలు వేళ కన్నా గంటకు మించి ఆలస్యం కానివ్వకండి. చాలినంత నిద్ర లేకపోతే మధ్యాహ్నం అరగంట కునుకు తీయనివ్వండి. నిద్రవేళల నియమం పెద్దలకూ వర్తిస్తుంది. ఇంట్లో అందరూ అర్ధరాత్రి దాకా టీవీ ముందు కూర్చుని, పిల్లనొక్కదాన్నే పడుకోమంటే పడుకోదు.