కాపలా కుక్కకు ఎలుక జ్వరం - మూత్రపిండాలు భద్రం

చేను దగ్గర, పశువుల పాక దగ్గర కాపలా ఉండే కుక్క రెండు రోజులు కూడు ముట్టకపోతే ‘వేడి చేసిందిలే’ అని చాలామంది ఊరుకుంటారు. వానాకాలంలో ఇలా పడకేసిన కుక్కకు మూత్రపిండాలు దెబ్బతిని ఉండవచ్చు. దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి ఎలుక జ్వరం. దీన్నే లెప్టోస్పైరోసిస్ అంటారు.

ఎలా సోకుతుంది?

ఈ క్రిములు ఎలుకల మూత్రంలో ఉంటాయి. ఆ మూత్రం కలిసిన మడి నీళ్లు, గుంట నీళ్లు కుక్క తాగినా, పుండ్లకు తగిలినా క్రిములు రక్తంలో చేరి మూత్రపిండాలను, కాలేయాన్ని పాడుచేస్తాయి.

లక్షణాలు

జ్వరం, వాంతులు, నీరసం ఉంటాయి. ఒళ్లు నొప్పులతో కుక్క కదల్లేదు. కొన్ని కుక్కలు నీళ్లు ఎక్కువగా తాగి మాటిమాటికీ మూత్రం పోస్తాయి. కొన్నింటికి మూత్రం బొత్తిగా ఆగిపోతుంది. కళ్లు, చిగుళ్లు పచ్చబడవచ్చు. మూత్రపిండాల శక్తి నాలుగింట మూడు వంతులు పోయాకగానీ రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగినట్టు తేలదు. అందుకే ఆలస్యం చేస్తే చేయి దాటిపోతుంది.

చికిత్స

వెంటనే పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. డాక్టరు నరానికి సెలైన్ ఎక్కించి, పెన్సిలిన్ జాతి మందు ఇస్తారు. వాంతులు తగ్గాక డాక్సీసైక్లిన్ 2 వారాలు వాడమంటారు. కుక్క లేచి తిరుగుతోంది కదా అని మధ్యలో మానరాదు. ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి బిళ్లలు వేయకండి. అవి మూత్రపిండాలను మరింత చెడగొడతాయి. తాగడానికి శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. మేత విషయం డాక్టరునే అడగండి.

మనకూ సోకుతుంది

జబ్బు కుక్క మూత్రం వట్టి చేతులతో ముట్టుకోవద్దు. చేతికి తొడుగు వేసుకుని, ఆ చోటును బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడగాలి. కాళ్లకు పుండ్లుంటే మడిలో దిగవద్దు. ఇంట్లో ఎవరికైనా జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లి, కుక్కకు జబ్బు చేసిన సంగతి కూడా చెప్పండి.

నివారణ

కుక్కకు మొదట రెండు విడతలు, ఆపైన ఏటా టీకా వేయించాలి. పిచ్చికుక్క టీకా వేయించాం కదా అనుకోవద్దు, అది వేరు, ఇది వేరు. ఎలుక కన్నాలు మూయించి, గింజలు, దాణా మూతపెట్టి ఉంచితే ఇటు పంటా దక్కుతుంది, అటు కుక్కా దక్కుతుంది.